పడమటి హద్దు నేరేడు చెట్టు

నాచారం ఫ్యాక్టరీల మొదటి సైరన్ మోగకముందే దోర్కా పొయ్యి మీది జావ దించుతుంది. పెద్ద గంజు నిండా రాగిజావ, చిన్న గంజులో మజ్జిగ, డబ్బాలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, బుట్టలో నలభై స్టీలు గ్లాసులు. అన్నీ తోపుడుబండి మీద సర్ది, పైన తడిబట్ట కప్పి, కళ్ళు మూసుకొని దేవునితో రెండు మాటలు చెప్పుకొని, ఐదున్నరకల్లా ద్రాక్షతోట కాలనీ పార్కు గేటు ముందు నిలబడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇంతే. పెనిమిటి బెంజమిన్ పోయిన నాలుగో రోజున కూడా బండి గేటు దగ్గరే ఉంది. జావ తాగేవాళ్ళు ఆ రోజు తాగిన గ్లాసులు తామే బుట్టలో సర్దిపెట్టారు, అంతే తేడా.

ఆ పార్కు గొప్పదేమీ కాదు. ఉప్పల్ మెట్రో కింది నుంచి వచ్చి, రోడ్డు మీద మందుల ఫ్యాక్టరీల వాసన ఘాటెక్కే చోట ఎడమచేతి సందులోకి తిరిగితే కనబడుతుంది. ఒక జారుడుబండ, రెండు ఉయ్యాలలు, వాటిలో ఒకటి గొలుసుకు ముడేసుకొని ఎప్పుడూ పైనే ఉంటుంది. నీళ్ళు ఎన్నడూ ఎగరని ఫౌంటెన్‌లో ఎండాకాలం ఆడవాళ్ళు వడియాలు పెడతారు. చుట్టూ టైల్స్ పరిచిన నడకదారి. గేటు తూర్పున ఉంటుంది. అక్కడ పార్కు గరిటెలా వెడల్పుగా మొదలై, పడమటికి పోను పోను గరిటె కాడలా సన్నబడుతుంది. ఆ కాడ చివర దోర్కా రెండు గదుల రేకుల ఇల్లు. ఇల్లు దాటితే చిన్న గల్లీ, గల్లీకి అవతల కాలనీ సంఘం ప్రెసిడెంటు కనకరాజు కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు.

ఆ కాడ పొడుగునా ఒక నేరేడు చెట్టు నడుస్తుంది. ఏటా మృగశిర కార్తె రోజున, మిరుగం వాన పడి నేల మెత్తబడగానే, బురదలోంచి కాలు పెరికినట్టు ఒక చప్పుడు చేసి, మూరెడు జరుగుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు ఎటు పారుతుంటే అటు. జావ గిన్నెల నీళ్ళంటే మరీ ప్రాణం దానికి. మర్నాడు సంఘం వాళ్ళు ట్రాక్టరుతో మట్టి తెప్పించి పాత గుంట పూడుస్తారు, ముందున్న టైల్స్ పీకి వెనక వేస్తారు. ఒకసారి కనకరాజు గేటుకు బోర్డు కట్టించాడు: ‘నడిచే నేరేడు, చూడదగిన స్థలం.’ ఆదివారం మల్కాజిగిరి నుంచి రెండు ఆటోల నిండా జనం వచ్చారు. చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి, "గిదేనా? మా దిక్కు యాపచెట్టు దీనికన్న జోరు పోతది" అని, సమోసాలు తిని, కాగితాలు అక్కడే పడేసి వెళ్ళిపోయారు. మరుసటి వారం ఆ బోర్డు మీదే ‘పూలు తెంపరాదు’ అని రాయించాడు కనకరాజు.

కాలనీ లేనప్పుడు అక్కడంతా ద్రాక్షతోట ఉండేది. దోర్కా మామ అబ్బయ్య ఆ తోటకు కావలి. తోట కొసన ఎండిపోతున్న నేరేడుకు బియ్యం కడిగిన నీళ్ళు పోసి బతికించింది ఆయనే. ద్రాక్షకు తెగులు తగిలి తోట దండగైనప్పుడు ఆసామి దాన్ని ప్లాట్లు చేసి అమ్మాడు. కావలి కాసినందుకు అబ్బయ్యకు అరవై గజాలు తెల్లకాగితం మీద రాసిచ్చాడు. కాగితాలు రాయడానికి వచ్చిన ముంషి ఎండలో చెట్టునీడన కూర్చొని, లేఔటులో పార్కుకు పడమటి హద్దు నేరేడు చెట్టు అని రాశాడు. అబ్బయ్య కాగితంలో తూర్పు హద్దు నేరేడు చెట్టు అని రాశాడు.

"ముంషి సాబ్, అది నిలువదు," అన్నాడట అబ్బయ్య. "ఇంకోటి రాయున్రి. బండనో, బాయినో."

"చెట్టు నిలువకపోతే ఇంకేం నిలుస్తదిర అబ్బయ్యా," అని ముంషి సిరా ఆరడానికి కాగితం మీద ఊదాడట. ఆయన ఎండాకాలం వచ్చాడు, ఎండాకాలమే పోయాడు. మిరుగం చూడలేదు. తోటలో పని చేసేవాళ్ళకందరికీ తెలుసు, కానీ పెద్దమనిషి రాస్తుంటే మధ్యలో మళ్ళీ మళ్ళీ మాట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం గురించి అబ్బయ్య చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. దోర్కాకు ఈ సంగతంతా, ఆ కాగితం రంగుతో సహా, తన పెళ్ళినాటి సంగతుల కంటే బాగా గుర్తు.

ఆమె కాపురానికి వచ్చేనాటికి గిన్నెలు తోమే బండ ఇంటి ముందు, పార్కు వైపు ఉండేది. చెట్టు వచ్చి బండ పక్కన నిలబడి పన్నెండేళ్ళు కదల్లేదు. కావలసిన నీళ్ళు కాళ్ళ దగ్గరికే వస్తుంటే ఎక్కడికి పోతుంది? ఆ తర్వాత టైల్స్ పడ్డాయి. కొత్తగా ప్రెసిడెంటైన కనకరాజు వచ్చి, జావ గ్లాసు చేతిలో పట్టుకొనే చెప్పాడు.

"చెల్లే, నీ గిన్నెల నీళ్ళు ట్రాక్ మీదికొస్తున్నయి. ఎవలన్న జారి పడితే పూచీ ఎవలది? బండను ఎనుకకు జరుపుకో."

దోర్కా సరేనంది. బెంజమిన్, కనకరాజు ఇద్దరూ కలిసి బండను దొర్లించి ఇంటి వెనక్కి చేర్చారు. ఆ మిరుగానికే చెట్టు మళ్ళీ బయలుదేరింది. ఇంటి పక్క నుంచి, గోడకు రాపిడి తగలకుండా ఒద్దికగా, ఏటికి మూరెడు చొప్పున ఇరవై ఏళ్ళు నడిచి, కిందటేడు వెనక గోడ దాటి గల్లీ మొదట్లో నిలబడింది.

ఎవరికీ ఏ బాధా లేదు, ఎకరం మాట వచ్చేదాకా.

*

పట్నంలో చూడదగిన పార్కులని ఒక జాబితా వేస్తున్నారని, అందులో చేరితే ఫౌంటెన్‌కు నీళ్ళు, కసరత్తు యంత్రాలు, రంగుల దీపాలు అన్నీ వస్తాయని కనకరాజుకు తెలిసింది. ఎకరం ఉంటే చేరుస్తారు. ద్రాక్షతోట కాలనీ పార్కు ఎకరానికి అరవై గజాలు తక్కువ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున అతను బండి దగ్గరికి వచ్చాడు. దోర్కా గ్లాసు అందించింది. అతను చేయి చాపలేదు.

"ఏమమ్మా," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి చెల్లె అనలేదు. దోర్కా గ్లాసును వెనక్కి తీసుకొని బండి మీద పెట్టింది.

"నీ ఇల్లు పార్కుల ఉన్నది," అన్నాడు కనకరాజు.

"పార్కు నా ఇంటి ముంగట ఉన్నదన్నా."

"అది నీ లెక్క. కాగితం లెక్క ఏరే. పడమటి హద్దు నేరేడు చెట్టు. చెట్టు యాడున్నది? నీ ఇంటెనుక. అంటే నీ ఇల్లు హద్దు లోపట ఉన్నట్టా, బయట ఉన్నట్టా?"

"చెట్టు నడిసింది గదన్నా. నా ఇల్లు నడిసిందా?"

"చెట్టు నడవలేదని ఎవలన్నరు? నడిసినా నిలిసినా హద్దు హద్దే. చెట్టు యాడుంటే ఆడ."

"మరి నా కాగితంల తూర్పు హద్దు గా చెట్టే. గట్లయితే నా జాగ చెట్టుకు పడమర ఉండాలె. పడమర నీ ఇల్లున్నది. ఇస్తవా?"

చుట్టూ నిలబడి తాగుతున్నవాళ్ళలో ఒకరిద్దరు మూతి తుడుచుకున్నారు. కనకరాజు మొహం కందగడ్డ అయింది.

"తెల్లకాగితం పట్టుకొని నాకు హద్దులు చెప్తున్నవా? కావలోని కోడలివి, కావలోని కోడలి లెక్క ఉండు."

దోర్కా చిన్నగా మాట్లాడే మనిషి. మందిరంలో సాక్ష్యం చెప్పమంటే కూడా ముందు వరసకే వినబడుతుంది. గరిటె మాత్రం గంజులో కొంచెం గట్టిగా పడింది. "రూల్ రూలే గద దోర్కమ్మా," అన్నారు వాకింగు వాళ్ళు. గ్లాసులు పూర్తిగా ఖాళీ చేశాకే అన్నారు.

ఆ ఆదివారం ఫౌంటెన్ దగ్గర కుర్చీలు వేసి సంఘం మీటింగు పెట్టారు. దోర్కా మందిరం నుంచి నేరుగా బైబిలు సంచీతోనే వచ్చి చివర నిలబడింది. పక్కనే నిలబడ్డ ఆమె బిడ్డ అమూల్య ఉప్పల్ మెట్రో స్టేషన్లో టికెట్ల కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఆ పిల్ల గొంతు తల్లి గొంతు కాదు, రోజూ అద్దం అవతలివాళ్ళకు వినబడేలా మాట్లాడి మాట్లాడి సాగిన గొంతు.

"మామా, చెట్టు యాడుంటే హద్దు ఆడ అంటున్నవు. గంతేనా?"

"గంతే."

"గదే రాసి సంతకం పెట్టు. అందరు పెట్టున్రి. రేపు మాట మార్చొద్దు."

"మాట మార్చే అవసరం నాకేమున్నది బిడ్డా?" అని కనకరాజు తీర్మానాల పుస్తకం తెప్పించి, ‘నేరేడు చెట్టు ఏనాడు ఎక్కడ నిలిచి ఉంటే ఆనాడు అదియే పార్కు పడమటి హద్దు’ అని అందరికీ వినబడేలా చదువుతూ రాశాడు. కింద సంతకం గీత పేజీ అంచుదాకా లాగాడు. ఇరవై ఆరు మంది సంతకాలు పెట్టారు. దోర్కా పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు.

సర్వేయరు జీవన్ మార్చిలో ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడు. సన్నగా, ఎండకు కమిలిన మొహంతో ఉన్న ఆ పిల్లవాడు దోర్కాతో నిష్ఠూరంగానూ మాట్లాడలేదు, దయగానూ మాట్లాడలేదు.

"మిరుగం పోయిన మర్నాడు కొలుస్తనమ్మా. ఈ యేటి అడుగు చెట్టు ఏసినంకనే కొలవాలె, లేకుంటే మళ్ళా రావాలె. కొలిచిన మూడో రోజు జేసీబీ వస్తది. సామాను ముందే సర్దుకోన్రి."

"ఇల్లు పోతే యాడికి పోవాలె సారూ?"

"నేను కొలిచేటోన్నమ్మా," అన్నాడు. "రాసింది కొలుస్త, కొలిచింది రాస్త."

*

మిరుగం దాకా ఆగే ఓపిక కాలనీకి లేకపోయింది. ముందు బండిని గేటు దగ్గర నిలపనియ్యలేదు. దోర్కా రోడ్డు మీదికి పోయి మెకానిక్ షెడ్డు పక్కన పెట్టుకుంది. తర్వాత ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ‘ఆక్రమణ’ అని రాశారు. ఆ గోడకు బెంజమిన్ తన చేతులతో సున్నం వేశాడు. పార్కులో ఆరోగ్యం కోసం నవ్వే నవ్వుల క్లబ్బు వాళ్ళు అంతవరకు సూర్యుడివైపు తిరిగి చేతులెత్తి నవ్వేవాళ్ళు. ఇప్పుడు దోర్కా ఇంటివైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టారు. పొద్దున ఎనిమిదిన్నరకు ముప్పైమంది ఒక్కసారిగా హహహ అని ఆగి, ఊపిరి పీల్చుకొని, మళ్ళీ హహహ అనేవాళ్ళు. దోర్కా ఆ వేళకు జావ అమ్మి వచ్చి, తలుపు వేసుకొని మోకాళ్ళ మీద ఉండేది. ప్రార్థనలో మాట మధ్యలో వాళ్ళ నవ్వు పడి, ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయేది.

చివరకు నల్లా కోశారు. కాలనీ బోరు నీళ్ళు ఆక్రమణదారులకు లేవని, ప్లంబరును తీసుకొచ్చి కనకరాజు దగ్గరుండి పైపు కోయించాడు. కోసిన పైపు నోట్లో గుడ్డ కుక్కించాడు.

నలభై గ్లాసులు, రెండు గంజులు. నీళ్ళు లేకుండా ఎట్లా? ఆ చుట్టుపక్కల మిగిలింది ఒక్క చేతి బోరింగే. అది సర్కారుది, కనకరాజు ఇంటి వెనక సందులో ఉంది. దోర్కా గిన్నెలన్నీ బండి మీద వేసుకొని, గల్లీ చుట్టి అక్కడికి పోయి, అక్కడే తోమి తెచ్చుకోసాగింది.

మొదటి రోజే కనకరాజు భార్య లక్ష్మీనర్సమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది.

"మా ఇంటెనుక ఈ గలీజేంది?"

"బోరింగు సర్కారుది వదినా."

"సర్కారుదైతే మా కిటికీ కిందనే దొరికిందా? నీ జావ కంపు మా పూజ గదిలకొస్తున్నది."

"కంపైతే ముప్పయ్యేండ్లు ఎట్ల తాగిన్రు వదినా?"

కిటికీ తలుపు ధడాలున పడింది. దోర్కా బోరింగు కొట్టింది. పది పోట్లకు ఒక చెంబెడు. కడిగిన నీళ్ళు సందులో మడుగు కట్టి, కనకరాజు ఇంటి పునాది పక్కన ఇంకాయి.

ఇంటి వెనక పాత బండ ఎండిపోయింది. నేరేడు ఆకులు ముడుచుకున్నాయి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గల్లీ దాటుతుంటే దోర్కా కాలికి ఏదో తట్టింది. వంగి చూస్తే గల్లీ సిమెంటు మీద ఒక పగులు. చెట్టు మొదట్లో మొదలై, కనకరాజు ఇంటి పక్క సందులోకి తిన్నగా పోయింది. ఆ సందు ఖాళీగా వదలాల్సిన జాగా. కనకరాజు పైన రేకులు వేసి, స్కూటరు, చెప్పుల స్టాండు, బట్టల తీగ అక్కడే పెట్టుకున్నాడు. పగులు స్కూటరు కింది నుంచి పోయి, వెనక సందువైపు సాగింది. బోరింగు వైపు.

మామ అబ్బయ్య చెప్పేవాడు, ఆకలైన చెట్టు ముందు వేరును తోలుతుందని.

దోర్కా మనసులోకి ముందు వచ్చింది సంతోషం కాదు, భయం. తెలిసి ఊరుకోవడం అబద్ధం చెప్పడం లాంటిదే అని చిన్నప్పటి నుంచి విన్న మనిషి. అందుకని మర్నాడు పొద్దున కొంగు నిండా కప్పుకొని కనకరాజు గేటు దగ్గరికి పోయింది.

"అన్నా, ఒక మాట చెప్పాలె. నా నల్లా నాకు పెట్టియ్యి. గా చెట్టు..."

అతను పేపరు లోంచి తల ఎత్తలేదు. "చెప్పేదుంటే కమిటీ ముందల చెప్పు. నా వాకిట్ల నిలబడకు."

"చెట్టు గురించే అన్నా. నీ మంచికే..."

"నా మంచి నువ్వు చెప్పాల్నా? లచ్చమ్మా, గేటెయ్యి."

లక్ష్మీనర్సమ్మ వచ్చి, దోర్కా వేళ్ళు ఇంకా కమ్మీల మీద ఉండగానే గేటు వేసింది. ఉంగరపు వేలి గోరు నల్లబడింది.

ఆనాటి నుంచి దోర్కా ప్రతి గిన్నెనూ ఒక చెంబు నీళ్ళు ఎక్కువ పోసి కడిగింది. గంజులను ఒక బిందె ఎక్కువ పోసి కడిగింది. అవసరం లేని ఆ నీళ్ళను మడుగులోకి వంచుతూ, "తండ్రీ, ఇది నా కోపమే. నీ మీద పెట్టను," అనేది. ప్రార్థనలో అంత నిజం ఆమె ఎన్నడూ చెప్పలేదు. అమూల్య డ్యూటీ దిగి వచ్చి, తల్లి భుజాలు చూసి బోరింగు అందుకునేది.

"ఇంత నీళ్ళు ఎందుకే అమ్మా? గ్లాసులు తెల్లగనే ఉన్నయి గద."

"ఇంకా పోలేదు బిడ్డా," అనేది దోర్కా. "ఇంకొంచెం కొట్టు."

*

మిరుగం రోజున నాచారం మార్కెట్లో చేపల కోసం జనం తోసుకున్నారు. కనకరాజు ఇంట్లో బొమ్మెల పులుసు వాసన సందంతా నిండింది. దోర్కా ఇంట్లో అప్పటికే సామాను మూటలు కట్టి ఉంది. బీరువా, కుట్టుమిషను, అబ్బయ్య తెల్లకాగితం ఉన్న రేకు డబ్బా. నాలుగు గంటలకు చర్లపల్లి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి చినుకులు రాలాయి. వాన పడితే ఎవరైనా లోపలికి పోతారు. దోర్కా మాత్రం బోరింగు దగ్గర పెద్ద గంజు ముందు గొంతుక్కూర్చొని తోముతూనే ఉంది.

బురదలోంచి కాలు పెరికిన చప్పుడు వినబడింది.

ప్రతి యేడూ వినేదే. ఒక్కటి వినబడి ఆగిపోయేది. ఈసారి ఆగలేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, ఆ తర్వాత లెక్క పెట్టడానికి వీల్లేకుండా చప్పుడు మీద చప్పుడు. రేకులు విరిగాయి. చెప్పుల స్టాండు కూలింది. లోపల లక్ష్మీనర్సమ్మ, "ఏమండీ! చెట్టు ఉరుకుతున్నది!" అని అరిచింది. పులుసు గిన్నె కింద పడింది.

దోర్కా వెనక్కి తిరగలేదు. గంజు అడుగు అంటుకున్న చోట పీచుతో రుద్దుతూనే ఉంది. ఆమె మీద పడుతున్న వాన ఒక్కసారిగా ఆగింది. పైన నీడ పడింది. తల ఎత్తితే నేరేడు కొమ్మలు. బట్టల తీగ తెంపుకొచ్చి, లక్ష్మీనర్సమ్మ పట్టుచీర భుజాన వేసుకొని నిలబడింది చెట్టు. కనకరాజు స్కూటరు రెండు వేర్ల మధ్య, చంటిపిల్ల చంకలో ఉన్నట్టు, నేలకు జానెడు ఎత్తున ఉంది. ఒక లావు వేరు దోర్కా మోకాలిని దాటుకొని పోయి మడుగులో మూతి పెట్టింది. మడుగు చూస్తుండగానే ఇంకిపోయింది. నాలుగు పండ్లు టపటపా గంజులో రాలాయి.

దోర్కా వాటిని తీసి కొంగున కట్టుకొని, గంజులో మిగిలిన నీళ్ళు వేరు మీద పోసి, ఇంటికి పోయింది. మూటలు విప్పలేదు. విప్పాలా వద్దా అన్నది ఇంకా తెలియదు.

మర్నాడు జీవన్ టేపు, ఎర్రరంగు డబ్బా పట్టుకొని వచ్చాడు. కాలనీ అంతా గొడుగులతో నిలబడింది. అతను గేటు దగ్గర టేపు కొస పట్టించి, పార్కు దాటి, దోర్కా ఇల్లు దాటి, గల్లీ దాటి, కనకరాజు ఇంటి పక్క సందులోంచి వంగి పోయి, బోరింగు దగ్గర చెట్టు మొదలుకు ఆనించాడు. పుస్తకంలో రాసుకున్నాడు.

"ఎకరం నిండింది. ఆ పైన ఇంకో రెండువందల గజాలున్నది," అన్నాడు. "లోపట రెండు ఇండ్లున్నయి."

"రెండెట్లయితయి సార్?" కనకరాజు ముందుకొచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఒకటే. గా రేకులది."

"చెట్టు ఇక్కడున్నది."

"చెట్టు నడిసింది గద సార్! నా ఇల్లు నడిసిందా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతను దోర్కా వైపు చూడకుండా ఉండలేకపోయాడు. దోర్కా తన నల్లబడ్డ గోరు చూసుకుంటోంది. అమూల్య తీర్మానాల పుస్తకం జిరాక్సు తీసి జీవన్ చేతికిచ్చింది. అతను చదివాడు. ‘ఏనాడు ఎక్కడ నిలిచి ఉంటే ఆనాడు...’ సంతకం గీత పొడుగు చూసి కనుబొమ్మలు ఎత్తాడు.

"గిది మీ సంతకమేనా?"

వాకింగు వాళ్ళలోంచి ఎవరో, "రూల్ రూలే గద ప్రెసిడెంట్ సాబ్," అన్నారు. ఎవరో నవ్వారు. నవ్వుల క్లబ్బు నవ్వు కాదు, మామూలు నవ్వు. జీవన్ బ్రష్షు ముంచి, కనకరాజు ఇంటి ఇటాలియన్ బండల గోడ మీద ‘ఆక్రమణ’ అని రాశాడు. దోర్కా గోడ మీద ఉన్న అక్షరాల కంటే ఇవి చక్కగా వచ్చాయి.

"నీకు చెప్పిన్నా లేదా?" లక్ష్మీనర్సమ్మ అందరి ముందూ మొగుడి మీద పడింది. "ఆమె గేటు కాడికొచ్చి చెప్పబోతే ఏమన్నవు? పేపరు చదువుకుంటవా? ఇప్పుడు చదువు!"

జీవన్ టేపు చుట్టుకుంటూ అన్నాడు. "సూడున్రి. కాగితం ఒక్కటే, హద్దు ఒక్కటే. కూలగొడితే రెండు కూలాలె. వదిలిపెడితే రెండు వదలాలె. ఒక్కటి రాయనీకి నాకు రాదు. వచ్చే మిరుగం దాకా పెండింగు పెడుత. ఆనాడు చెట్టు యాడుంటే ఆడ."

*

పదో రోజున ప్లంబరు వచ్చి దోర్కా పైపులోంచి గుడ్డ పీకాడు. నల్లా ఇంటి వెనక వద్దని, ముందు, పార్కు వైపు పెట్టమని కనకరాజే చెప్పాడు. బోరింగు పిడి ఎవరో ఊడదీసుకుపోయారు. ఎవరో అందరికీ తెలుసు. తోముడు బండను ఇంటి వెనక నుంచి ముందుకు దొర్లించడానికి కనకరాజు మనుషుల కోసం అడిగితే, కాలనీలో అందరికీ ఆ రోజే నడుం నొప్పి వచ్చింది. ఒక్కడే దొర్లించాడు. బెంజమిన్ లేడు మరి, రెండో వైపు పట్టుకోవడానికి. దోర్కా కుట్టుమిషను మూట విప్పుతూ కిటికీలోంచి చూసింది. లేచి పోలేదు.

బండ ఇప్పుడు నడకదారి పక్కన, ఒకప్పుడు ఉన్న చోటనే ఉంది. గేటు ముందు బండి మళ్ళీ నిలబడింది. ఎనిమిదింటికి జావ అయిపోగానే దోర్కా గిన్నెలు తెచ్చి బండ మీద వేస్తుంది. అప్పటికే కనకరాజు ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకొని, తన ఇంటి గిన్నెలన్నీ గంపలో తెచ్చుకొని కూర్చొని ఉంటాడు. చెట్టు తిరిగి రావాలంటే ఒక్క ఇంటి నీళ్ళు చాలవు. నీళ్ళు టైల్స్ మీదికి పారి, నడిచేవాళ్ళ బూట్లు తడుస్తున్నాయి.

"జారి పడితే పూచీ ఎవలది ప్రెసిడెంట్ సాబ్?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వుల క్లబ్బు వాళ్ళు ఇప్పుడు బండవైపు తిరిగి నవ్వుతారు. ఆ నవ్వు సగం తనకు కూడా తగులుతుందని దోర్కాకు తెలుసు. ఒకే కాగితంలో ఉన్నవాళ్ళకు తప్పదు.

ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకటే నల్లా, ఒకరి చెంబు నిండాక ఇంకొకరిది. వారం పోయాక ఒక పొద్దున కనకరాజు తన గిన్నెలు ముగించి, చేయి చాపి దోర్కా జావ గంజును తన ముందుకు లాక్కున్నాడు. ఎక్కువ నీళ్ళు పట్టేది అదే. చెట్టుకు ఇష్టమైనదీ అదే.

"పీచు ఇయ్యి చెల్లే," అన్నాడు, తల ఎత్తకుండా.

దోర్కా పీచు వైపు చూసింది, అతని వైపు చూసింది. క్షమించమని దేవుడు చెప్పాడు. ఈ రోజే, ఎనిమిదింటికే అని చెప్పలేదు. పీచును చేతికివ్వకుండా బండ మీదనే అటు తోసింది. అతను తోమాడు, కడిగాడు, బోర్లించాడు.

ఆమె గంజును తిప్పి, అడుగున వేలు పెట్టి చూసి, మళ్ళీ అతని ముందు పెట్టింది.

"అడుగు పోలేదు," అంది. "ఇంకో బిందె పొయ్యి."